డిజైనర్ ఉచితంగా చేసిన పనికి ధర ఎక్కడ తిరిగి వస్తుంది?

డిజైన్ కోర్సు ముగించుకుని ఫ్రీలాన్స్ పనికి సిద్ధపడిన వారికి మొదట ఎదురయ్యే మాట, "ఇంతకుముందు చేసినవి ఏవైనా ఉంటే పంపండి" అన్నది. పంపడానికి పని కావాలి; పని రావాలంటే పంపాలి. ఈ ముడి విప్పుకోవడానికి చాలామంది తొలి రెండు మూడు పనులను ఉచితంగా చేసిపెడుతున్నారు. అది పెట్టుబడి లాంటిదని కొందరు సీనియర్లు నచ్చజెబుతుంటే, అలా చేయడం మొత్తం వృత్తికే చేటని మరికొందరు హెచ్చరిస్తున్నారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉన్నందువల్లే కొత్తవారికి ఏది పాటించాలో తేలడం లేదు.

క్లుప్తంగా

ఉచిత డిజైన్ మార్కెట్లో ఎప్పటి నుంచో ఉంది. అయితే దాన్ని ఇచ్చినవారు ఆ ధరను ప్రింటింగ్‌లోనో కమీషన్‌లోనో రాబట్టుకున్నారు. ఫ్రీలాన్సర్‌కు అలాంటి రెండో ఆదాయం లేదు. పోర్ట్‌ఫోలియోకు, అంటే చేసిన పనులను చూపించే సంకలనానికి, కావలసింది నిజంగా వాడకంలోకి వెళ్లిన పని, దాని గురించి క్లయింట్ చెప్పే మాట; అవి ఉచితంగా చేస్తేనే దొరుకుతాయనడానికి ఆధారం లేదు. ధర వదులుకోక తప్పనప్పుడు, బదులుగా ఏం వస్తుందో పని మొదలుపెట్టకముందే రాసుకోవాలి.

డిజైన్ ఉచితమన్న అలవాటు ఎలా పడింది

తెలుగు రాష్ట్రాల్లో ఏ పట్టణంలోనైనా ఫ్లెక్సీ షాపుకు వెళ్తే ధర చదరపు అడుగు లెక్కన చెబుతారు. నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ అయినా, కొత్త దుకాణం ప్రారంభోత్సవ బ్యానర్ అయినా, కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడు కోరల్‌డ్రాలోనో ఫొటోషాప్‌లోనో ఫొటోలు కత్తిరించి, పేర్లు టైపు చేసి, ఆర్డర్ ఇచ్చినవారు పక్కన నిలబడి చెప్పిన కరెక్షన్లన్నీ చేసి ఇస్తాడు. ఆ పనికి బిల్లులో విడిగా అంకె కనిపించడం అరుదు. శుభలేఖల షాపుల్లోనూ మేటర్ కంపోజింగ్ ఖర్చు ప్రింటింగ్ చార్జీలోనే కలిసిపోతుంది. షాపు యజమానికి నష్టమేమీ లేదు, ఎందుకంటే డిజైన్ బాగుంటే ప్రింటింగ్ ఆర్డర్ నిలుస్తుంది, లాభం అక్కడ ఉంటుంది.

పెద్ద ప్రకటనల ఏజెన్సీలు నడిచిన తీరు కూడా ఇంతకు భిన్నం కాదు. పత్రికలు ప్రకటన విలువలో 15 శాతాన్ని ఏజెన్సీకి కమీషన్‌గా ఇచ్చే పద్ధతి అమెరికాలోనూ మన దేశంలోనూ దశాబ్దాల పాటు ప్రమాణంగా సాగింది. లక్ష రూపాయల ప్రకటన వేయిస్తే 15 వేలు పత్రిక వైపు నుంచే వచ్చేవి కాబట్టి, బొమ్మకూ మాటలకూ కంపెనీకి విడిగా బిల్లు వేయకపోయినా ఏజెన్సీకి గిట్టుబాటయ్యేది. ఈ రెండు ఏర్పాట్లూ కలిసి తరాల తరబడి ఒక అభిప్రాయాన్ని స్థిరపరిచాయి: డబ్బు అచ్చుకూ చోటుకూ ఇవ్వాలి, డిజైన్ దానితో పాటు వస్తుంది.

ఫ్రీలాన్స్ డిజైనర్ ఈ ఏర్పాటుకు బయట ఉన్న మనిషి. అతని దగ్గర ప్రింటింగ్ మెషీన్ లేదు, పత్రిక నుంచి కమీషన్ రాదు. అమ్ముకునేదల్లా డిజైన్ ఒక్కటే. దాన్నే ఉచితంగా ఇచ్చినప్పుడు ఫ్లెక్సీ షాపు చేసిన పనినే తానూ చేస్తున్నట్టు పైకి కనిపించినా, షాపుకు ధర తిరిగి వచ్చే దారి ఒకటి ఉంది, అతనికి లేదు. ఈ తేడాను గమనించకపోవడం వల్లే చర్చ తరచూ పక్కదారి పడుతోంది.

దీనికి మొహమాటం తోడవుతుంది. తొలి పనులు సాధారణంగా తెలిసినవారి ద్వారానే వస్తాయి. పెదనాన్న కొడుకు పెళ్లి శుభలేఖ, నాన్న స్నేహితుడి హార్డ్‌వేర్ షాపు విజిటింగ్ కార్డు, కాలనీ సంఘం వినాయక చవితి పాంప్లెట్ వంటివి వచ్చినప్పుడు ధర అడగడం మర్యాద తక్కువగా తోస్తుంది. అడిగినవారికి దురుద్దేశం ఉండకపోవచ్చు. "వాడికి కంప్యూటర్లో అయిదు నిమిషాల పని" అని వారు నిజంగానే అనుకుంటారు. ఆ అయిదు నిమిషాల లెక్కను ఎవరూ సరిదిద్దకపోవడంతో, తెలిసినవారి వలయంలో ఆ డిజైనర్‌కు సున్నా ధర ఖాయమైపోతుంది. చాలామంది కొత్తవారికి తొలి క్లయింట్లు వచ్చేది ఆ వలయం నుంచే.

పోర్ట్‌ఫోలియో దేన్ని రుజువు చేయాలి

డిజైన్ కొనేవారికి ఉన్న అసలు ఇబ్బంది, చేతికి అందేదాకా నాణ్యత తెలియకపోవడం. ఇలా అమ్మేవారికి తెలిసింది కొనేవారికి తెలియని మార్కెట్లు ఎలా దెబ్బతింటాయో జార్జ్ ఎకర్లాఫ్ 1970లో వివరించారు. నైపుణ్యం ఉన్నవారు దాన్ని సంకేతాల ద్వారా ఎలా తెలియజేస్తారో మైకేల్ స్పెన్స్ 1973లో సూత్రీకరించారు. జోసెఫ్ స్టిగ్లిట్జ్‌తో కలిసి ఈ ఇద్దరికీ 2001లో ఆర్థికశాస్త్ర నోబెల్ దక్కింది. స్పెన్స్ సూత్రం ఇక్కడ నేరుగా పనికొస్తుంది. ఒక సంకేతం పనిచేయాలంటే, నైపుణ్యం లేనివారికి దాన్ని చూపించడం కష్టంగా ఉండాలి. "ఉచితంగా చేస్తాను" అన్న మాటకు ఆ గుణం లేదు. చేయి తిరిగినవారూ నిన్న నేర్చుకున్నవారూ ఆ మాటను ఒకేలా అనగలరు. కాబట్టి తక్కువ ధర వల్ల తలుపు తెరుచుకున్నా, లోపల ఉన్నవారికి డిజైనర్ సామర్థ్యం గురించి కొత్తగా తెలిసేది ఏమీ లేదు.

మరి నిజమైన పనికి విలువ లేదా? చాలా ఉంది. ఊహించుకుని చేసిన ప్రాజెక్టులో ఎదురుకాని ఇబ్బందులు నిజమైన పనిలో ఎదురవుతాయి. తెలుగు అక్షరాల విషయంలోనే చూడవచ్చు. అడోబీ సాఫ్ట్‌వేర్‌లో దక్షిణాసియా లిపులకు సంబంధించిన కంపోజర్ (అక్షరాలను కూర్చే సెట్టింగ్) ఎంచుకోకపోతే యూనికోడ్ తెలుగులో ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. యూనికోడ్ కాని అను ఫాంట్లతో చేసిన ఫైలును ఆ ఫాంట్లు లేని సిస్టంలో తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగలిసి కనిపిస్తాయి. అందుకే ప్రింటింగ్‌కు పంపే ముందు అక్షరాలను కర్వ్స్‌గా, అంటే ఫాంటు అవసరం లేని గీతలుగా, మార్చాలి. స్క్రీన్ మీద మెరిసిన ఆకుపచ్చ ఫ్లెక్సీ మీద చప్పబడుతుంది. లాప్‌టాప్‌లో ఎంతో అందంగా కనిపించిన సన్నటి అక్షరం రోడ్డు అవతలి నుంచి చూస్తే ఒత్తు, గుడి కలిసిపోయి మచ్చలా మిగులుతుంది. బోర్డులో తాతగారి ఫొటో, వెంకటేశ్వరస్వామి బొమ్మ, రెండు ఫోన్ నంబర్లు తప్పనిసరి అని యజమాని పట్టుబట్టినప్పుడు ఏది ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడం మరో విద్య. ఇవన్నీ దాటి బయటికి వచ్చిన బోర్డు ఫొటో, పది ఊహా ప్రాజెక్టుల కన్నా ఎక్కువ చెబుతుంది.

అయితే ఈ పాఠాలన్నీ పని నిజమైనది కావడం వల్ల వచ్చినవి. అయిదు వేలు తీసుకుని చేసినా ఒత్తులు అలాగే విడిపోతాయి, ఆకుపచ్చ అలాగే చప్పబడుతుంది.

కొత్తవారికి తొలి అవకాశం ఎంత ముఖ్యమో చూపే గట్టి ఆధారం ఒకటుంది. అమండా పాలేస్ అనే ఆర్థికవేత్త ఓడెస్క్ వేదికలో, అంటే ఇప్పటి అప్‌వర్క్‌లో, 952 మందిని యాదృచ్ఛికంగా ఎంపిక చేసి డేటా ఎంట్రీ పని ఇచ్చారు. 2014లో వెలువడిన ఆ పరిశోధన ప్రకారం, అలా పని దొరికి, తమ పని మీద అందరికీ కనిపించే అభిప్రాయం పొందిన కొత్తవారికి ఆ తర్వాత పని, సంపాదన రెండూ పెరిగాయి. అది డిజైన్ పని కాదు కాబట్టి యథాతథంగా అన్వయించడం కుదరదు. కానీ రెండు సంగతులు గమనించదగ్గవి. వారికి చేసిన పనికి డబ్బు ముట్టింది. మేలు చేసినవి తొలి పని దొరకడం, ఇతరులకు కనిపించే చోట దాని మీద ఒక మాట నమోదు కావడం. ఉచితంగా పనిచేసే కొత్త డిజైనర్లు ఎక్కువగా పోగొట్టుకుంటున్నది ఈ రెండోదాన్నే. పని వాట్సాప్‌లో మొదలై వాట్సాప్‌లోనే ముగుస్తుంది, "సూపర్ తమ్ముడూ" అన్న మెసేజ్‌తో సరి. పేరు, హోదా, తేదీ ఉన్న నాలుగు వాక్యాలు ఎవరూ రాయించుకోరు.

ఒక కర్రీ పాయింట్ లెక్క

విజయవాడలో కొత్తగా తెరవబోతున్న కర్రీ పాయింట్‌కు ఒక డిజైనర్ ఉచితంగా పనిచేశాడనుకుందాం. అంకెలు ఊహించినవే అయినా, ఈ పనిలో ఉన్నవారికి కొత్తగా అనిపించవు. యజమానితో మాట్లాడటానికి 2 గంటలు, లోగోకు 8, బోర్డుకు 4, మెనూ కార్డుకు 5, ఇన్‌స్టాగ్రామ్ కోసం ఆరు పోస్టులకు 6, విడతల వారీగా వచ్చిన కరెక్షన్లకు 9, ఫైళ్లు సిద్ధం చేసి ప్రింటింగ్ దగ్గర నిలబడటానికి 4. మొత్తం 38 గంటలు. గంటకు 250 రూపాయల చొప్పున చూసినా 9,500 అవుతుంది.

ఈ 38 గంటల్లో పోర్ట్‌ఫోలియోలోకి చేరేవి లోగో, బోర్డు ఫొటో. వాటికి పట్టింది 12 గంటలు. మిగతా 26 గంటల్లో కరెక్షన్లు, ధరలు మారినప్పుడల్లా సరిదిద్దిన మెనూ, ఆదివారం స్పెషల్ పోస్టు వంటివి ఉన్నాయి. అవి కర్రీ పాయింట్‌కు ఉపయోగపడ్డాయి, డిజైనర్ చూపించుకోవడానికి పనికిరావు. అంటే పోర్ట్‌ఫోలియో కోసమే చేశాడన్న వాదనను ఒప్పుకున్నా, ఆ అవసరానికి మించి రెండింతలకు పైగా శ్రమ దానమైపోయింది. పైగా కరెక్షన్లు 9 గంటలు పట్టడానికి కారణం కూడా ధర లేకపోవడమే. రెండుసార్ల తర్వాత మార్పుకు ఇంత అని ముందే చెప్పి ఉంటే, యజమాని ఇంట్లో వాళ్లందరికీ చూపించి అన్నీ ఒకేసారి చెబుతాడు. ధర లేనప్పుడు ఆ అవసరం లేదు. ఉదయం బావమరిది ఎరుపు రంగు అంటాడు, సాయంత్రం మేనమామ పసుపు అంటాడు.

మరో నష్టం తర్వాత బయటపడుతుంది. ఎవరైనా మార్చడానికి వీలున్న ఓపెన్ ఫైల్ కూడా ఇచ్చేస్తే ఆ ఫైల్ ఫ్లెక్సీ షాపుకు వెళ్తుంది. అక్కడ బోర్డు సైజుకు సరిపోవడానికి లోగోను అడ్డంగా సాగదీస్తారు. ఊరంతా చూసేది ఆ సాగదీసిన లోగోనే. పేరు వస్తుందని చేసిన పనికి వచ్చిన పేరు అదే అవుతుంది.

పోటీల పేరుతో అడిగే పని

ఉచిత పనికి మరో రూపం, ముందు చేసి చూపిస్తే నచ్చినదానికే డబ్బు ఇవ్వడం. డిజైన్ రంగం దీన్ని స్పెక్ వర్క్ అంటుంది. మన దేశంలో అందరికీ తెలిసిన ఉదాహరణ రూపాయి గుర్తు. కేంద్ర ఆర్థిక శాఖ నిర్వహించిన పోటీకి 3 వేలకు పైగా నమూనాలు రాగా, ఐఐటీ బాంబేలో చదివిన డి. ఉదయ్‌కుమార్ రూపకల్పనను కేంద్ర మంత్రివర్గం 2010 జూలై 15న ఆమోదించింది. విజేతకు 2.5 లక్షల రూపాయలు దక్కాయి. ఒక్కో నమూనాకు సగటున 10 గంటలే పట్టిందనుకున్నా, 3 వేల నమూనాలకు 30 వేల గంటలు. ఒకే మనిషి రోజుకు 8 గంటల చొప్పున సెలవు లేకుండా పదేళ్లకు పైగా చేయాల్సిన పని అది. జాతీయ చిహ్నంలో పాలుపంచుకోవాలన్న ఉత్సాహంతో గీసినవారికి ఈ లెక్క అన్యాయంగా తోచకపోవచ్చు, అది వారి ఇష్టం. కానీ సబ్బుల కంపెనీ ప్యాకెట్ కోసమో అపార్ట్‌మెంట్ బ్రోచర్ కోసమో ఇదే పద్ధతి పాటించినప్పుడు ఆ ఉత్సాహం ఉండదు, లెక్క మాత్రం అదే ఉంటుంది.

టోక్యో ఒలింపిక్స్ లోగో విషయంలో ఇది ప్రపంచ స్థాయిలో చర్చకు వచ్చింది. మొదట ఎంచుకున్న లోగోను కాపీ ఆరోపణల వల్ల 2015 సెప్టెంబరులో ఉపసంహరించుకుని బహిరంగ పోటీ పెడితే 14,599 నమూనాలు వచ్చాయి. 2016 ఏప్రిల్‌లో అసావో తొకోలో గీసినదాన్ని ఎంపిక చేశారు. 1914 నుంచి ఉన్న అమెరికా డిజైనర్ల సంఘం ఏఐజీఏ ఈ పోటీ పద్ధతిని తప్పుబట్టింది. మెల్‌బోర్న్‌లో 2008లో మొదలైన 99డిజైన్స్ వంటి వేదికలు ఇదే పోటీని వ్యాపారంగా మార్చాయి. అక్కడ కొనేవారికి ఎంపిక విస్తృతం, గెలిచినవారికి ఆదాయం, మిగిలినవారికి అభ్యాసం. వేదికకు మాత్రం ఎవరు గెలిచినా రుసుము వస్తుంది.

ఇక్కడ డబ్బు ఒక్కటే సమస్య కాదు. డిజైనర్ చేసే పనిలో సగం, క్లయింట్‌తో కూర్చుని అసలు అవసరమేమిటో తెలుసుకోవడం. పోటీలో ఆ భాగం ఉండదు. ఎవరో రాసిన పది వాక్యాల వివరణ చూసి అందరూ ఊహించి గీస్తారు. అలాంటి పని పోర్ట్‌ఫోలియోలో పెట్టుకున్నా, "ఇది ఎందుకు ఇలా చేశారు" అని అడిగినప్పుడు చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు.

పెద్దలు ఉచితంగా ఇచ్చిన సందర్భాలు

ఉచిత పనిని సమర్థించేవారు తరచూ అమెరికా డిజైనర్ మిల్టన్ గ్లేసర్‌ను గుర్తుచేస్తారు. న్యూయార్క్ రాష్ట్ర పర్యాటక ప్రచారం కోసం 1977లో ఆయన గీసిన "ఐ లవ్ న్యూయార్క్" గుర్తు, హృదయం బొమ్మతో సహా, ప్రపంచంలో ఎక్కువగా అనుకరణకు గురైన లోగోల్లో ఒకటి. దాన్ని ఆయన ఉచితంగానే ఇచ్చారు. కానీ అప్పటికి ఆయన పుష్‌పిన్ స్టూడియో స్థాపించి రెండు దశాబ్దాలు దాటింది, వృత్తిలో పేరు స్థిరపడింది, గడ్డు రోజుల్లో ఉన్న సొంత నగరానికి చేసిన సాయం అది. పోర్ట్‌ఫోలియో కోసం చేసిన పనితో దాన్ని పోల్చడానికి ఏ ఆధారమూ లేదు.

నైకీ గుర్తు చరిత్ర కొత్తవారికి ఇంతకన్నా దగ్గరగా ఉంటుంది. పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ విద్యార్థిని క్యారొలిన్ డేవిడ్సన్ 1971లో దాన్ని గీసి 35 డాలర్లకు బిల్లు ఇచ్చారు. ఆ మొత్తం ఎంత స్వల్పమో చెప్పడానికే ఈ కథను వాడుతుంటారు గానీ, గమనించవలసింది బిల్లు ఉండటం. విద్యార్థి అయినా గంటల లెక్కన ధర కట్టారు. కంపెనీ పెరిగిన తర్వాత 1983లో ఆమెకు ఉంగరం, షేర్లు ఇచ్చి గౌరవించింది. ఆ గౌరవం చట్టప్రకారం రావలసినది కాదు, కంపెనీ తనంతట తాను ఇచ్చినది. అలాంటిదాన్ని నమ్ముకుని తొలి పని ధర నిర్ణయించుకోవడం జూదం.

చట్టం ఏం చెబుతోంది

ఉచితంగా చేసిన పని మీద హక్కు ఎవరిదన్న ప్రశ్నకు చాలామంది ఇచ్చే జవాబు తప్పు. ఉద్యోగంలో భాగంగా కాకుండా స్వతంత్రంగా గీసిన లోగోకు, వేరే ఒప్పందం లేకపోతే, 1957 నాటి కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం గీసినవారే తొలి యజమాని. ఫొటో, పెయింటింగ్, పోర్ట్రెయిట్ వంటివి డబ్బిచ్చి చేయించుకుంటే మాత్రం హక్కు చేయించుకున్నవారికి వెళ్తుంది. కాబట్టి కర్రీ పాయింట్ కోసం డబ్బు తీసుకోకుండా తీసిన వంటకాల ఫొటోల మీద హక్కు తీసినవారిదే. హక్కు బదిలీ కావాలంటే సెక్షన్ 19 ప్రకారం సంతకంతో కూడిన రాతపత్రం ఉండాలి. అందులో కాలపరిమితి రాయకపోతే 5 ఏళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశానికి పరిమితంగా పరిగణిస్తారు. హక్కు అమ్మేసిన తర్వాత కూడా ఇది తన సృష్టి అని చెప్పుకునే అధికారాన్ని సెక్షన్ 57 డిజైనర్‌కే ఉంచింది.

ఇది క్లయింట్లు కూడా ఆలోచించవలసిన విషయం. ఉచితంగా వచ్చిన లోగోతో రెండేళ్లు వ్యాపారం చేసి, మూడో ఏడు రెండో శాఖ తెరిచి, ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రేషన్‌కు వెళ్లినప్పుడు లోగో తమదని చూపే కాగితం ఏదీ ఉండదు. ఎప్పుడో వచ్చిన ఒక వాట్సాప్ ఫైల్ తప్ప.

డబ్బు విషయంలో 1872 నాటి భారత కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 70 ముఖ్యమైనది. ఉచితంగా చేయాలన్న ఉద్దేశం లేకుండా ఒకరు మరొకరికి చట్టబద్ధంగా పనిచేసి, ఆ ఫలితాన్ని రెండోవారు అనుభవిస్తే పరిహారం ఇవ్వాలని అది చెబుతుంది. ఇక్కడ మెలిక ఉద్దేశంలో ఉంది. ధర మాట్లాడుకోకుండా చేసిన పనికి తర్వాత డబ్బు అడగడానికి ఈ సెక్షన్ కొంత ఆసరా ఇస్తుంది. "ఫ్రీగానే చేస్తాను అన్నా" అని ఒక్క మెసేజ్ పెట్టి ఉంటే ఆ ఆసరా పోతుంది.

ధర కట్టిన పనికి ఉన్న రక్షణ ఇంతకన్నా బలమైనది. చిన్న సంస్థలు ప్రభుత్వం దగ్గర చేయించుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, సొంత పేరు మీద పనిచేసే డిజైనర్ కూడా సేవల సంస్థగా చేయించుకోవచ్చు. అలా నమోదైన చిన్న సంస్థలకు 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) అభివృద్ధి చట్టం ప్రకారం గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల చొప్పున నెలవారీ చక్రవడ్డీ పడుతుంది. కానీ ఈ చట్టానికి పట్టుకోవడానికి ఒక బిల్లు కావాలి, ఆ బిల్లులో ఒక అంకె కావాలి.

న్యూయార్క్ నగరంలో 2017 మే 15 నుంచి అమల్లో ఉన్న చట్టం 800 డాలర్లు, అంతకు మించిన ఫ్రీలాన్స్ పనికి రాత ఒప్పందాన్ని తప్పనిసరి చేసింది. ఒప్పందంలో వేరే గడువు లేకపోతే 30 రోజుల్లో చెల్లించాలి. అమెరికా రాష్ట్రాలు ఇల్లినాయ్ 2024 జూలైలో, కాలిఫోర్నియా 2025 జనవరిలో ఇదే బాట పట్టాయి. ఇవేవీ ఇష్టపూర్వకంగా ఉచితంగా చేయడాన్ని నిషేధించలేదు. మన దగ్గర 1961 అప్రెంటిస్ చట్టం శిక్షణలో ఉన్నవారికి సైతం స్టైపెండ్ ఇవ్వాలంటుంది. నేర్చుకుంటున్నారన్న కారణంతో శ్రమకు సున్నా కట్టకూడదన్న ఆలోచన చట్టంలో ఎప్పటి నుంచో ఉంది. ఆ నీడ ఫ్రీలాన్సర్ దాకా చేరలేదు.

ఎవరు భరించగలరు

ఉచితంగా ఆరు నెలలు పనిచేయాలంటే ఆ ఆరు నెలల ఇంటి అద్దె, హాస్టల్ ఫీజు, లాప్‌టాప్ వాయిదా మరెవరో కట్టాలి. ఎన్‌ఐడీ ఆంధ్రప్రదేశ్, హైదరాబాద్ నిఫ్ట్, జేఎన్ఏఎఫ్ఏయూ వంటి డిజైన్, లలితకళల విద్యాసంస్థల్లో చదివినవారికి తరగతిలో చేసిన ప్రాజెక్టులే పోర్ట్‌ఫోలియోగా చేతికి వస్తాయి. అమీర్‌పేటలో మూడు నెలల కోర్సు చేసి, ఇంటికి డబ్బు పంపవలసిన బాధ్యత నెత్తిన పెట్టుకున్న కుర్రాడికి ఆ అవకాశం లేదు. ఉచిత పని అవసరం ఎవరికి ఎక్కువగా ఉందో, దాన్ని భరించే శక్తి వారికే తక్కువ. తొలి మెట్టు ఉచితమే అన్న పద్ధతి స్థిరపడితే ఈ రంగంలోకి వచ్చేవారిని ప్రతిభ కన్నా ముందు కుటుంబ స్థోమత వడపోస్తుంది. ఈ చర్చలో అందరికన్నా తక్కువగా వినిపించేది ఈ విషయమే. తక్కినవాటి కన్నా బరువైనదీ ఇదే.

కృత్రిమ మేధ వచ్చాక

2013లో మొదలైన, సిద్ధంగా ఉన్న నమూనాలతో ఎవరైనా డిజైన్ చేసుకోగల క్యాన్వా, 2022 తర్వాత విస్తరించిన బొమ్మలు గీసే కృత్రిమ మేధ సాధనాలు ఈ సమస్యకు కొత్త మలుపు ఇచ్చాయి. పండుగ శుభాకాంక్షల పోస్టు, సాదా పాంప్లెట్ వంటి చిన్న పనులను వ్యాపారులు సొంతంగా చేసుకోగలుగుతున్నారు. కొత్త డిజైనర్‌కు తొలి వెయ్యి, రెండు వేలు తెచ్చిన పనులు ఇవే. మరోవైపు కంటికి ఇంపైన బొమ్మ ఎవరైనా నిమిషాల్లో తెప్పించగలిగినప్పుడు, స్పెన్స్ చెప్పిన అర్థంలో అందమైన పోర్ట్‌ఫోలియోకు సంకేతబలం తగ్గుతుంది. కాబట్టి క్లయింట్లు ఇకపై నిజంగా వాడకంలో ఉన్న పనిని, కాగితం మీద వేసిన తొలి చిత్తు గీతలను, పాత క్లయింట్ ఫోన్‌లో చెప్పే మాటను ఎక్కువగా చూసే అవకాశం ఉంది. నిజమైన పనికి గిరాకీ పెరిగినకొద్దీ, దాన్ని సంపాదించడానికి ఉచితంగా చేయాలన్న ఒత్తిడీ పెరుగుతుంది. రాబోయే రోజుల్లో ఈ ప్రశ్న సద్దుమణగదు, మరింత తీవ్రమవుతుంది.

ధర వదులుకోక తప్పకపోతే

ఉచితంగా చేయడానికి తగిన సందర్భాలు ఉన్నాయి. ఊరి గ్రంథాలయం, రక్తదాన శిబిరం, డబ్బు లేని ప్రభుత్వ బడి అడిగినప్పుడు చేసేది సేవ. దాన్ని సేవగానే లెక్కించుకుంటే చిక్కు లేదు. మరో రకం, అందరికీ కలిపి ఇవ్వడం. గూగుల్ ఫాంట్స్‌లో ఉన్న మండలి, రామభద్ర, సురన్న వంటి తెలుగు ఫాంట్లను ఎవరైనా డబ్బు కట్టకుండా వాడుకోవచ్చు, అయితే వాటి లైసెన్సు కాపీరైట్ ప్రకటనను చెరపనివ్వదు. ఒక్క వ్యాపారికి చేసిన ఉచిత పనిలో పేరు ఎక్కడా కనిపించదు, ఇక్కడ ఫాంటు వెళ్లిన ప్రతి చోటికీ ఆ ప్రకటన వెళ్తుంది.

లాభం కోసం నడిచే వ్యాపారానికి చేసేటప్పుడు లెక్క మారాలి. బదులు తప్పకుండా డబ్బే కావాలని లేదు. కర్రీ పాయింట్ నుంచి రెండు నెలల భోజనం, జిమ్ నుంచి ఏడాది సభ్యత్వం, ప్రింటింగ్ షాపు నుంచి సొంత విజిటింగ్ కార్డులు తీసుకున్నా చట్టం దృష్టిలో అది ప్రతిఫలమే. కావలసింది పరిమితి. లోగో, బోర్డు వరకే, రెండుసార్ల కరెక్షన్లు, ఓపెన్ ఫైల్ లేదు, పనిని పోర్ట్‌ఫోలియోలో చూపించడానికి అనుమతి, పూర్తయ్యాక పేరుతో రాతపూర్వకమైన అభిప్రాయం. గోప్యత ఒప్పందం మీద సంతకం పెట్టమంటే ఉచితంగా చేయడానికి కారణమే పోయినట్టు, ఎందుకంటే చూపించుకోలేని పని పోర్ట్‌ఫోలియోలో ఉండదు. "ఇది చేసిపెట్టు, తర్వాత పెద్ద పని ఇస్తాం" అన్న హామీకి కూడా ఇదే పరీక్ష: ఆ పెద్ద పని పేరు, ధర ఇప్పుడే కాగితం మీద పెట్టగలరా?

అన్నిటికన్నా ఎక్కువగా పనిచేసేది చిన్న పద్ధతి. డబ్బు తీసుకోకపోయినా బిల్లు ఇవ్వడం. లోగో 4,000, బోర్డు 2,000, మొత్తం 6,000 అని రాసి, కింద పరిచయ తగ్గింపు 6,000, చెల్లించవలసింది సున్నా అని చూపడం. క్లయింట్ జేబులోంచి రూపాయి పోలేదు, కానీ ఆ పని విలువ ఆయన కళ్లకు అంకెల్లో కనిపించింది. మూడు నెలల తర్వాత ఆయన తోడల్లుడు గుడివాడలో టిఫిన్ సెంటర్ పెడుతూ, బోర్డు బాగుంది, ఎంత తీసుకున్నాడు అని అడిగితే ఆయన నోట "ఫ్రీగా చేశాడు" అన్న మాట కూడా రావచ్చు. దాని వెంట "మామూలుగా ఆరు వేలట" అన్న మాట రావాలంటే, ఆ ఆరు వేలు ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి.